తక్కువ రాస్తే ఎవరూ అడగరు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా డెల్టాలో అప్పటికి కొంత వరి కోతకు సిద్ధంగా ఉంది, కొంత కోసి పనల మీద ఉంది. మా రెండెకరాలూ పనల మీదే ఉన్నాయి. మూడు రోజులు నీళ్లలో నానాయి. నాలుగో రోజు పన తిరగేసి చూస్తే కంకుల్లో తెల్లగా మొలకలు.

వారం తర్వాత నష్టం రాసుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. మంచి పిల్లవాడే. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో చివరి మడి దాకా నడిచాడు. ఫోటోలు తీసుకున్నాడు. అన్నీ చూసి ముప్పై శాతం అని రాశాడు. "సగానికి పైగా పోయింది కదా నాయనా" అన్నాను. "నిజమే బాబాయ్. కానీ ఎక్కువ రాస్తే ఎందుకు రాశావని పైవాళ్లు అడుగుతారు. తక్కువ రాస్తే ఎవరూ అడగరు" అన్నాడు.

పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే ఇన్‌పుట్ సబ్సిడీ వస్తుందని మనందరికీ తెలుసు. 2015కు ముందు అది 50 శాతం ఉండేది. ఆ కుర్రాడు మమ్మల్ని ముంచాలని అలా రాయలేదు. తన మీదికి మాట రాకుండా చూసుకున్నాడు. ఆ జాగ్రత్త ఖరీదు మేం కట్టాం.

ప్రపంచ వాతావరణ నివేదికల గురించి చదివేకొద్దీ నాకు ఆ మాటే గుర్తుకొస్తోంది. భూమి ఎంత వేడెక్కుతుంది, సముద్రం ఎంత పెరుగుతుంది, నష్టం ఎంత అని అంచనాలు రాసేవాళ్ల మీద కూడా ఇదే ఒత్తిడి ఉంది. వాళ్లు ఆచితూచి రాస్తారు. ఆ ఆచితూచి రాసిన అంకెను చూపించి ప్రభుత్వాలు తమ లక్ష్యాలను ఇంకొంచెం తగ్గించుకుంటాయి. ఈ రెండు తగ్గింపులూ కలిసి చివరికి మన పొలం లెక్కలో పడతాయి. ఈ నెల సంపాదకీయం ఆ సంగతి గురించే.

అందరూ ఒప్పుకుంటేనే వాక్యం

ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 1988లో ఐపీసీసీ అనే కమిటీని ఏర్పాటు చేశాయి. ఇందులో 195 దేశాల ప్రభుత్వాలు సభ్యులు. ఐదారేళ్లకోసారి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, ఇది పెద్ద నివేదిక ఇస్తుంది. సొంతంగా పరిశోధన చేయదు. ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నిటినీ చదివి సారం తీస్తుంది. 2021లో వచ్చిన నివేదిక మొదటి భాగాన్నే 234 మంది శాస్త్రవేత్తలు రాశారు. 14,000కు పైగా పరిశోధన పత్రాలు చూశారు. చిత్తుప్రతుల మీద వచ్చిన 78,000 వ్యాఖ్యలకు జవాబులు రాశారు. ఈ పనికి కమిటీ వాళ్లకు జీతం ఇవ్వదు. ఇంత శ్రమను తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

అసలు నివేదిక వేల పేజీలు. దాన్ని ఏ మంత్రీ చదవడు. మంత్రులు, అధికారులు, పత్రికలవాళ్లు చదివేది ముందు పెట్టే ముప్పై నలభై పేజీల సారాంశం. ఆ సారాంశాన్ని అన్ని దేశాల ప్రతినిధులూ కూర్చుని ఒక్కో వాక్యం చదువుతూ ఆమోదిస్తారు. చమురు అమ్ముకుని బతికే సౌదీ అరేబియా, సముద్రంలో మునిగిపోతామని భయపడే మాల్దీవులు, బొగ్గు మీద నడిచే మన దేశం, అందరూ ఒకే వాక్యానికి తల ఊపాలి. శాస్త్రవేత్తలు తప్పు అన్న మాటను ఏ ప్రభుత్వమూ అందులో చేర్పించలేదు. కానీ వాళ్లు ఒప్పు అన్న మాటను మెత్తబరచడానికి, తీయించడానికి ప్రభుత్వాలకు వీలుంది. 2014లో బెర్లిన్ సమావేశంలో, దేశాలను ఆదాయ వర్గాలుగా విడదీసి ఎవరి ఉద్గారాలు ఎలా పెరిగాయో చూపించే పటాలను సారాంశం నుంచి తీసేశారు. అసలు నివేదికలో ఉన్నాయి, చదివే పేజీల్లో లేవు.

ఊళ్లో చెరువు ఆక్రమణ మీద తీర్మానం రాస్తున్నారనుకోండి. ఆక్రమించినవాడు కూడా సంతకం పెడితేనే అది చెల్లుతుందంటే, ఆ కాగితంలో "ఆక్రమణ" అన్న మాట ఎంత మెత్తగా మారుతుందో ఊహించండి. అలాంటి కాగితంలో కూడా చెరువు కొంత పోయిందని రాశారంటే, నిజంగా పోయింది అంతకన్నా ఎక్కువే అని ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. ఈ సారాంశాన్ని కూడా అలాగే చదవాలి.

భూమి వేడెక్కడానికి మనిషి కారణమా కాదా అన్న ఒక్క ప్రశ్నకు ఈ నివేదికలు ఎలా జవాబిచ్చాయో చూడండి. 1995లో మాడ్రిడ్‌లో చమురు దేశాల అభ్యంతరాల మధ్య గంటల తరబడి చర్చించి, మనిషి ప్రభావం గుర్తించదగినంతగా ఉన్నట్టు ఆధారాలు సూచిస్తున్నాయన్నారు. 2001లో అవకాశం నూటికి 66 పాళ్ల పైన అన్నారు. 2007లో 90 పైన. 2013లో 95 పైన. 2021లో సందేహానికి తావు లేదన్నారు. మొదటి మాటకూ చివరి మాటకూ మధ్య 26 ఏళ్లు. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ తమ సెనేట్ కమిటీ ముందు 99 శాతం నమ్మకంతో ఇదే విషయం చెప్పింది 1988 జూన్‌లో.

ఆ 26 ఏళ్లలో గాలి ఆగి ఎదురుచూడలేదు. 1995లో గాలిలో ప్రతి పది లక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు 361 పాళ్లు ఉంది. 2021 నాటికి 416 అయింది. 1850 నుంచి 2019 దాకా మనిషి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువులో 42 శాతం 1990 తర్వాత వదిలిందే. అంటే మొత్తం తప్పులో తెలిసి చేసిన తప్పే సగానికి దగ్గరగా ఉంది. ఇందులో చమురు కంపెనీల ప్రచారం పాత్ర పెద్దది. అయితే ఆ ప్రచారానికి పనికొచ్చింది నివేదికల్లోని ఆ "బహుశా"లే.

సముద్రం లెక్క

మన డెల్టాకు నేరుగా తగిలే లెక్క ఒకటుంది. ఈ శతాబ్దం చివరికి సముద్ర మట్టం ఎంత పెరుగుతుంది?

2001 నివేదిక 9 నుంచి 88 సెంటీమీటర్లు అంది. 2007 నివేదిక 18 నుంచి 59 అంది. పై అంకె 88 నుంచి 59కి దిగేసరికి ప్రమాదం తగ్గిందని చాలామంది రాశారు. నిజానికి ప్రమాదం తగ్గలేదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లోని మంచు పలకలు వేగంగా సముద్రంలోకి జారితే ఎంత అవుతుందో అప్పటికి గట్టిగా లెక్క కట్టలేకపోయారు. అందుకని ఆ భాగాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఆ మాట నివేదికలోనే రాశారు కూడా. కానీ 59 అన్న అంకె లోకమంతా తిరిగింది, కింద రాసిన మాట అక్కడే ఉండిపోయింది. హాన్సెన్ అదే ఏడాది ఒక వ్యాసంలో, సముద్ర మట్టం విషయంలో శాస్త్రవేత్తలు నోరు విప్పడానికి వెనకాడుతున్నారని, దానివల్ల కీడు జరుగుతుందని హెచ్చరించారు.

2013లో 26 నుంచి 82 అన్నారు. 2021లో 28 నుంచి 101 అన్నారు. ఉద్గారాలు బాగా పెరిగితే, మంచు పలకలు అనుకోని తీరుగా విరిగితే, రెండు మీటర్లు కూడా కాదనలేమన్నారు. ఉపగ్రహాల కొలతలను పాత అంచనాలతో పోల్చిన శాస్త్రవేత్తలు 2012లో ఏం చెప్పారంటే, సముద్రం ఏడాదికి 2 మిల్లీమీటర్లు పెరుగుతుందని మధ్యస్థ అంచనా ఉంటే, నిజంగా పెరుగుతున్నది 3.2 మిల్లీమీటర్లు. ఆర్కిటిక్ సముద్రపు మంచు కూడా 2007 నివేదిక వాడిన నమూనాలు చెప్పిన దానికన్నా వేగంగా కరిగింది.

అన్నిటిలోనూ ఇలాగే జరిగిందని అంటే అది మన వైపు నుంచి అతి అవుతుంది. భూమి సగటు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందన్న అంచనా దాదాపు సరిగ్గానే వచ్చింది. తప్పింది ఎక్కడంటే, ఆ వేడికి మంచు, సముద్రం, వాన ఎలా స్పందిస్తాయన్న దగ్గర. రైతుకు కావలసింది కూడా అదే. వేడి ఎన్ని డిగ్రీలన్నది థర్మామీటర్‌కు. ఆ వేడితో వాన ఏం చేస్తుందన్నది పంటకు.

ఇప్పుడు కరకట్ట దగ్గరికి వద్దాం. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో కరకట్ట అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కట్ట ఎత్తు, మురుగు కాలువల చివర తూముల మట్టం నిర్ణయించే ఇంజినీరు ఏ అంకె తీసుకోవాలి? 59 అన్న కాగితం చేతిలో ఉంటే 59కే కడతాడు. పోటు సమయంలో మురుగు కాలువల్లో ఉప్పునీరు ఎగదన్నడం తీరం దగ్గరి గ్రామాలకు కొత్త కాదు. దానికి తోడు మన డెల్టాలు కుంగుతున్నాయి. పైన డ్యాములు ఒండ్రును ఆపేయడం వల్ల ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల గురించి 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ ఉన్నాయి. సముద్రం పైకి, నేల కిందికి. రెంటినీ కలిపి లెక్క వేయాలి.

చెరువు కట్టను మన పెద్దలు సగటు వానకు కట్టలేదు. పెద్ద వానకు కట్టి, అలుగు పెట్టారు. సగటు నమ్ముకుంటే ఏమవుతుందో 2023 వానాకాలమే చూపించింది. దేశం మొత్తం మీద వాన 94 శాతం పడింది, కాగితం మీద పెద్ద లోటు కాదు. కానీ ఆ ఆగస్టు 1901 తర్వాత అన్ని ఆగస్టుల్లోకీ పొడి ఆగస్టు. నారు నాటి నీళ్లకోసం ఎదురుచూసినవాడికి 94 అన్న అంకె ఏం ఓదార్పు?

శాస్త్రవేత్తలు ఎందుకు తగ్గించి రాస్తారు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైన్సు చరిత్ర చెప్పే నవోమి ఒరెస్కెస్, మరికొందరు పరిశోధకులు 2013లో ఈ ప్రశ్న మీదే ఒక పత్రం ప్రచురించారు. వాళ్లు తేల్చింది ఇది: శాస్త్రవేత్తలు భయపెడుతున్నారన్న ఆరోపణ తప్పు. సంచలనం లేకుండా ఉండాలన్న అలవాటుతో వాళ్లు తక్కువ వైపే తప్పుతున్నారు. ఆవేశం లేకుండా మాట్లాడడం, రుజువయ్యేదాకా ఆగడం సైన్సులో మంచి లక్షణాలు. ఆ మంచి లక్షణాలే ఇక్కడ లెక్కను ఒక పక్కకు వంచుతున్నాయి.

దీనికి ఒక ఉదాహరణ మన దేశానికి సంబంధించినదే. 2007 నివేదికలో హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికి మాయమైపోవచ్చని ఒకచోట రాశారు. అది పెద్ద తప్పు. సరైన ఆధారం లేకుండా చేరిన వాక్యం. 2010 జనవరిలో కమిటీ తప్పు ఒప్పుకుని విచారం తెలిపింది. ప్రపంచమంతా దుమ్మెత్తిపోసింది. సరే, తప్పు చేశారు, మాట పడ్డారు. కానీ అదే నివేదికలో సముద్రం గురించి, ఆర్కిటిక్ మంచు గురించి తక్కువ రాసినందుకు ఎవరైనా నిలదీశారా? ఏ పార్లమెంటులోనైనా గొడవ జరిగిందా? లేదు.

ఎక్కువ రాస్తే అడుగుతారు. తక్కువ రాస్తే ఎవరూ అడగరు. మా పొలంలో ఆ కుర్రాడు చెప్పిన మాటే. శిక్ష ఒక్క వైపే ఉన్న చోట అంకె రెండో వైపుకు జరుగుతుంది. దానికి ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు.

లక్ష్యాలు ఎలా కుంగాయి

ఇక రెండో తగ్గింపు. ఇది శాస్త్రవేత్తలది కాదు, పాలకులది.

2001 నివేదిక నాటికి, మంచు పలకలు కూలడం లాంటి వెనక్కి తిప్పలేని మార్పులు భూమి 5 డిగ్రీలు వేడెక్కితే తప్ప రావనుకున్నారు. ఐదు డిగ్రీలకు ప్రమాదమంటే రెండు డిగ్రీల లక్ష్యం చాలా క్షేమంగా కనిపిస్తుంది. 2009 కోపెన్‌హేగన్ సమావేశం రెండు డిగ్రీలనే పట్టుకుంది. చిన్న ద్వీప దేశాలు ఒకటిన్నర డిగ్రీ దాటితే మేం బతకం అని మొత్తుకున్నా ప్రయోజనం లేకపోయింది. 2018, 2019 నివేదికలు వచ్చేసరికి ఆ ప్రమాదాలు ఒకటి, రెండు డిగ్రీల మధ్యే మొదలు కావచ్చన్నారు. క్షేమం అనుకున్న గీత ప్రమాదం లోపల తేలింది. లక్ష్యం రాసిన కాగితం మాత్రం చాలాకాలం పాతదే.

2015 పారిస్ ఒప్పందంలో ద్వీప దేశాల పోరాటం వల్ల ఒకటిన్నర డిగ్రీ మాట చేరింది. ఆ ఒప్పందం అడిగిన మీదటే 2018 అక్టోబరు 8న ప్రత్యేక నివేదిక వచ్చింది. 2010తో పోలిస్తే 2030కి ఉద్గారాలు దాదాపు 45 శాతం తగ్గాలని, 2050 ప్రాంతానికి నికరంగా సున్నా కావాలని అందులో చెప్పారు. రెండు నెలల తర్వాత పోలండ్‌లోని కటోవిసెలో ఆ నివేదికను "స్వాగతిస్తున్నాం" అని రాయడానికి అమెరికా, రష్యా, సౌదీ అరేబియా, కువైట్ ఒప్పుకోలేదు. "గమనించాం" అంటే చాలన్నాయి. తామే అడిగి రాయించుకున్న కాగితాన్ని స్వాగతించడానికి కూడా నోరు రాలేదు.

ఆ నివేదికలోని దారుల్లో కూడా ఒక మెలిక ఉంది. వాటిలో చాలావరకు ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆగే అవకాశం సగానికి సగం మాత్రమే. 2020 నుంచి లెక్కేస్తే, సగం అవకాశానికి ప్రపంచం ఇంకా 50,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు వదలవచ్చు. నూటికి 83 పాళ్లు నమ్మకం కావాలంటే 30,000 కోట్ల టన్నులే. ఏడాదికి సుమారు 4,000 కోట్ల టన్నులు వదులుతున్నాం. మొదటి లెక్కన పన్నెండున్నరేళ్లు, రెండో లెక్కన ఏడున్నరేళ్లు. పాలకులు ఎప్పుడూ మొదటి లెక్కే చెబుతారు. సగం విత్తనాలు మొలుస్తాయో లేదో చెప్పలేని సంచిని మనం కొనం. పిల్లల భవిష్యత్తుకు మాత్రం ఆ సంచినే మనకు అంటగడుతున్నారు.

ఇన్ని చేసినా ఆ చిన్న లక్ష్యాన్ని కూడా అందుకోలేదు. ఉద్గారాలు తగ్గడం అటుంచి పెరిగాయి. 2024 ఏడాది సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందుకన్నా 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒక్క ఏడాది దాటితే లక్ష్యం తప్పినట్టు కాదు, కానీ గుమ్మం దాకా వచ్చేశాం. ఇప్పటి విధానాలే సాగితే ఈ శతాబ్దంలో 3.1 డిగ్రీల దాకా పోతామని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో లెక్క చెప్పింది.

వ్యవసాయం మూడు శాతమేనట

తగ్గించి రాయడం సైన్సుతో ఆగలేదు. అర్థశాస్త్రవేత్తలు ఇంకా ముందుకు పోయారు. విలియం నార్డ్‌హాస్ అనే అమెరికా అర్థశాస్త్రవేత్త 1991లో ఒక లెక్క వేశారు. వాతావరణ మార్పు వల్ల బాగా దెబ్బతినే రంగాలు, అంటే వ్యవసాయం, అడవుల లాంటివి, అమెరికా జాతీయాదాయంలో 3 శాతమేనని, 87 శాతం ఆర్థిక వ్యవస్థకు దాదాపు ఏమీ కాదని అన్నారు. కప్పు కింద కూర్చుని చేసే పనికి ఎండతో ఏం పని అన్నది దాని సారం. ఆయన నమూనా ప్రకారం, ఖర్చూ లాభమూ బేరీజు వేస్తే, ఈ శతాబ్దం చివరికి మూడున్నర డిగ్రీల దాకా వేడెక్కనివ్వడమే మేలు. ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించింది 2018 అక్టోబరు 8న. ఒకటిన్నర డిగ్రీ నివేదిక విడుదలైన రోజే.

ఆ మూడు శాతం తిండి లేకపోతే మిగతా 97 శాతం ఏం తిని పనిచేస్తారో ఆ లెక్కలో లేదు. మన దేశంలో వ్యవసాయం జాతీయాదాయంలో ఐదో వంతు కన్నా తక్కువ. పనిచేసేవాళ్లలో మాత్రం దాదాపు సగం మంది దాని మీదే ఉన్నారు. డబ్బుతో కొలిస్తే మనం చిన్నవాళ్లం, మనుషులతో కొలిస్తే మనమే ఎక్కువ. ఏ కొలత వాడారన్న దాన్ని బట్టే నష్టం చిన్నదో పెద్దదో అవుతుంది.

తగ్గించని పొగకు మన భూమి పూచీ

లక్ష్యం చిన్నదైనప్పుడు మిగిలిపోయిన భారం ఎక్కడో ఒకచోట పడాలి. అది భూమి మీద పెట్టారు. ఇప్పుడు పొగ తగ్గించకుండా, తర్వాత ఎప్పుడో గాలిలోంచి ఆ వాయువును వెనక్కి తీసుకుంటామని చాలా నమూనాలు లెక్క వేసుకున్నాయి. దానికి ఒక మార్గం, విస్తారమైన భూముల్లో ఇంధనపు మొక్కలు పెంచి, కాల్చి, వచ్చిన వాయువును భూగర్భంలో దాచడం. 2018 నివేదిక దారుల్లో 2050 నాటికి ఇలాంటి ఇంధన పంటలకు అదనంగా కావలసిన భూమి సున్నా నుంచి 60 కోట్ల హెక్టార్ల దాకా ఉంది. మన దేశం మొత్తం విస్తీర్ణం దాదాపు 33 కోట్ల హెక్టార్లు. పై అంకె దాదాపు రెండు భారతదేశాలు.

సున్నా అన్న దారి కూడా అందులోనే ఉందని మరవొద్దు. ఇప్పుడే ఇంధన వాడకాన్ని గట్టిగా తగ్గించే దారి అది. సంపన్నులు దాన్ని ఎంచుకుంటే మన భూముల జోలికి రానక్కర్లేదు. ఎంచుకోకపోతే, రేపు కార్బన్ తోటల పేరుతో, కార్బన్ క్రెడిట్ల పేరుతో మన ఊళ్లకు ఒప్పందపు కాగితాలు వస్తాయి. కౌలు రైతుకు, పోడు రైతుకు మొదట దెబ్బ తగులుతుంది.

వరి మడుల మీద కూడా ఇప్పటికే వేలు చూపిస్తున్నారు. నీరు నిలిచిన మడి నుంచి మీథేన్ వస్తుంది, నిజమే. మనుషుల పనుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి వాటా సుమారు 8 శాతం. చమురు, గ్యాస్, బొగ్గు వాటా 35 శాతం. మడిని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపితే మీథేన్ తగ్గుతుంది, నీళ్లూ ఆదా అవుతాయి. దీన్ని మనం కాదనం. కానీ కాలువ నీళ్లు వంతుల మీద వచ్చే చోట, ఆరనిస్తే మళ్లీ తడి వస్తుందన్న నమ్మకం రైతుకు ఎవరిస్తారు? ముందు కాలువ బాగుచేసి, నీటి హామీ ఇచ్చి, తర్వాత అడగాలి.

మన ప్రభుత్వం సంగతి

చరిత్రలో ఇప్పటిదాకా వదిలిన పొగలో అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు. మన దేశం వాటా నాలుగు శాతం లోపు. ఒక్కో మనిషి లెక్కన మనది ఏడాదికి సుమారు రెండు టన్నులు, అమెరికా వాడిది దానికి ఏడు రెట్లు. కాబట్టి ముందు తగ్గించాల్సింది వాళ్లు, డబ్బు ఇవ్వాల్సింది వాళ్లు అన్న మన దేశ వాదనతో మన సంఘం పూర్తిగా ఏకీభవిస్తుంది.

అయితే ఆ న్యాయమైన వాదన చాటున మన పాలకులు కూడా కొన్ని దాచుకుంటున్నారు. 2021లో గ్లాస్గోలో బొగ్గును "పూర్తిగా ఆపడం" అన్న మాటను చివరి గంటల్లో "క్రమంగా తగ్గించడం"గా మార్పించింది మన ప్రతినిధులే. చమురు, గ్యాస్ గురించి మాట్లాడకుండా బొగ్గునే పట్టుకోవడం అన్యాయమన్నది నిజం. అలాంటప్పుడు ఆ మూడింటినీ ఆపండని అడగాలి. బొగ్గు మాటను కూడా మెత్తబరిస్తే లాభం గనుల కంపెనీలకు, నష్టం తీరప్రాంత రైతుకు. ఉప్పునీరు ఏ దేశం పొగ వల్ల పెరిగిందో చూసి మడిలోకి రాదు.

కేంద్ర ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య మన దేశం సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య నైరుతి వాన 6 శాతం తగ్గింది. ఉత్తర హిందూ మహాసముద్రం ఏడాదికి 3.3 మిల్లీమీటర్లు పెరుగుతోంది. మన ప్రభుత్వ శాస్త్రవేత్తలే రాసిన ఈ లెక్కలు మండల స్థాయి ప్రణాళికలోకి ఎందుకు రావడం లేదు?

మనం అడగవలసినవి

ఒకటి. కరకట్టలు, మురుగు కాలువలు, తూములు, ఆనకట్టల గేట్లు సగటు అంచనాకు కాకుండా పై అంచనాకు, డెల్టా కుంగుబాటు కలిపి కట్టాలి. ఏ అంకె తీసుకున్నారో ప్రజలకు చెప్పాలి.

రెండు. అంతర్జాతీయ చర్చల్లో మన దేశం సారాంశాన్ని మెత్తబరిచేవాళ్ల పక్కన కూర్చోకూడదు. సంపన్న దేశాల బాకీ వసూలుకు గట్టి నివేదికే మన ఆయుధం. నష్టం తక్కువ రాసిన కాగితంతో పరిహారం ఎక్కువ ఎలా అడుగుతాం?

మూడు. కార్బన్ తోటల పేరుతో సాగు భూమి, పోడు భూమి తీసుకోకూడదు. గ్రామసభ ఆమోదం లేని ఒప్పందం చెల్లకూడదు.

నాలుగు. పంట నష్టం అంచనా గ్రామసభలో చదివి వినిపించాలి. కౌలు రైతు పేరు అందులో ఉండాలి. ఎక్కువ రాసినవాడిని అడిగినట్టే, తక్కువ రాసినవాడిని కూడా అడిగే ఏర్పాటు ఉండాలి. అప్పుడే ఆ కుర్రాడు నిజం రాయగలుగుతాడు.

ఐదోది మన పని. ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టాలి. ఏ రోజు ఎంత వాన పడింది, నీరు ఎక్కడి దాకా వచ్చింది, ఎన్ని రోజులు నిలిచింది, ఏ బోరు ఉప్పగా మారింది, కాలువలోకి ఉప్పునీరు ఏ నెలలో వచ్చింది, ఎకరానికి ఎన్ని బస్తాలు పోయాయి, తేదీతో సహా రాయాలి. వరద మట్టాన్ని బడి గోడ మీద రంగుతో గుర్తు పెట్టాలి. వానమాపకం ఖరీదు పెద్దదేమీ కాదు. హైస్కూలు పిల్లలు కూడా రాయగలరు. రాసేటప్పుడు పెంచి రాయొద్దు, తగ్గించి రాయొద్దు. పెంచి రాస్తే ఒక్క తప్పుతో మొత్తం పుస్తకాన్ని కొట్టిపారేస్తారు. 2035 సంగతి మరవొద్దు.

మిచౌంగ్ నాటికి మా దగ్గర అలాంటి పుస్తకం లేదు. ముప్పై కాదు, సగం పోయిందని నేను నోటితో చెప్పాను, అంతే. నోటి మాట ట్యాబ్‌లోకి ఎక్కలేదు. వచ్చే తుపానుకు మన చేతిలో కాగితం ఉండాలి. వచ్చే నెల జిల్లా సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి గ్రామ కమిటీ తన పుస్తకం మొదటి పేజీ తీసుకురావాలని కోరుతున్నాం.